మధురవాడ ఫ్లాట్ కేసులో నలుగురం ఒకే లాయర్ని పెట్టుకున్నాం, నేను మునిగాను. మీరు జాగ్రత్త

మధ్యాహ్నం డాబాగార్డెన్స్‌లో లాయరు ఆఫీసు నుంచి వచ్చాను. ఇంతవరకూ అన్నం దిగలేదు. విశాఖ మధురవాడలో ఒక బిల్డర్ కడుతున్న అపార్ట్‌మెంట్ మధ్యలో ఆగిపోయింది. అందులో ఫ్లాట్ల కోసం నలుగురం తలా 12 లక్షలు కట్టాం. కేసు విడివిడిగా వేస్తే ఫీజు తలా 40 వేలు, కలిసి వేస్తే 15 వేలు అన్నారు. అందరి ప్రయోజనం ఒకటే అయితే వినియోగదారుల కమిషన్ అనుమతితో కలిసి ఫిర్యాదు చేయొచ్చని 2019 వినియోగదారుల చట్టంలోనే ఉంది. మా తరఫున వాదించడానికి లాయరుకి అధికారమిచ్చే కాగితం, అదే వకాలత్, ఒక్కటే రాసి దాని మీద నలుగురం సంతకాలు పెట్టేశాం.

మా ప్రయోజనం ఒకటి కాదు. ఆ ముగ్గురికీ ఫ్లాట్ కావాలి. నాకు డబ్బు వెనక్కి కావాలి, నాన్నగారికి గుండె ఆపరేషన్ ఉంది. ఈ మాట లాయరు గారికి ఒక్కరికే ఫోన్లో చెప్పాను. "వడ్డీ రాకపోయినా పర్వాలేదు సార్, అసలు వస్తే చాలు. ఇది మాత్రం బయటికి రానివ్వకండి" అన్నాను. "నాకు వదిలెయ్యండి" అన్నారు.

ఈరోజు రమ్మంటే వెళ్లాను. బిల్డర్ మేనేజర్ ముందే వచ్చి కూర్చున్నాడు. టేబుల్ మీద రాజీ మెమో, అంటే రాజీకి ఒప్పుకున్నట్టు రాసిన కాగితం. మూడు సంతకాలు అయిపోయాయి, నాలుగో చోట పెన్సిల్‌తో చిన్న ఇంటూ మార్కు. ఫ్లాట్ ఇంకో ఏడాదికి ఇస్తారట, ఆలస్యానికి వడ్డీ అడగకూడదట. నాకు డబ్బే కావాలన్నాను. ఆ మేనేజర్ నా వైపు తిరిగి, "నాన్నగారి ఆపరేషన్‌కి అసలు వస్తే చాలన్నారట కదండీ. ఎనిమిది లక్షలిస్తాం, తీసుకుని కేసు వదిలెయ్యండి" అన్నాడు.

నా మాట అది. ఒక్క మనిషికి చెప్పిన మాట. లాయరు గారి ముఖంలోకి చూశాను. ఆయన ఫైలుకి తాడు ముడి వేస్తున్నారు, తల ఎత్తలేదు. "ముగ్గురు ఒప్పుకున్నాక మీ ఒక్కరి కోసం నేనేం చెయ్యను?" అన్నారు. నా కాగితాలు ఇవ్వమంటే, ఫైలు నలుగురిదీ, ఇవ్వడం కుదరదన్నారు. సంతకం పెట్టకుండా లేచి వచ్చేశాను. మెట్ల మీద ఏడుపొచ్చేసింది. 25 వేలు మిగులుతాయని చూసుకున్నాను. తప్పు నాదే. నాన్నకి ఇంకా చెప్పలేదు.

సాయంత్రం మా బావగారు వేరే లాయరు గారితో మాట్లాడించారు. వకాలత్‌లో రాజీ పడే అధికారం లాయరుకి ఇస్తున్నట్టు అచ్చు వేసిన లైను ఉంటుందట, మేమెవరం చదవలేదు. అది ఉన్నా, క్లయింటు స్పష్టంగా చెప్పకుండా అతని హక్కుల్ని లాయరు వదులుకోకూడదని సుప్రీంకోర్టు 2015లో చెప్పిందట. ఫీజు బాకీ ఉన్నా సరే కాగితాలు ఆపుకోకూడదని 2000లోనే తీర్పు ఉందట.

కలిసి కేసు వేసేవాళ్లు ముందు ఒక్కటి తేల్చుకోండి: అందరికీ కావాల్సింది ఫ్లాటేనా, డబ్బేనా? తేడా ఉంటే ఎవరి లాయరు వాళ్లకి ఉండాలి. ఒకే లాయరైతే మీరు ఆయనకి విడిగా చెప్పింది మిగతావాళ్లకి చేరదని అనుకోవద్దు. వకాలత్ చదివి సంతకం పెట్టండి.

రేపు పదిన్నరకి కమిషన్‌కి వెళ్తున్నాను. రాజీకి నేను ఒప్పుకోలేదని, ఆ వకాలత్ రద్దు చేసుకుంటున్నానని రాసిస్తాను. అదే బిల్డర్‌కి కట్టి డబ్బు వెనక్కి అడుగుతున్నవాళ్లు ఇంకెవరైనా ఉంటే దయచేసి చెప్పండి.