పరమాణు నమూనాల పాఠం: కథ చెప్పడం మేలా, మూసిన పెట్టె ఇవ్వడం మేలా?

తొమ్మిదో తరగతికి పరమాణు నిర్మాణం మొదలుపెట్టే ముందు ప్రతి ఏడూ నాకు ఇదే మీమాంస. శాస్త్రవేత్తలు నమూనాను ఎలా కడతారో, ఎలా పరీక్షిస్తారో పిల్లలకు అర్థం కావాలి. అందుకు పరమాణువుకు నమూనాలు కట్టిన థామ్సన్, రూథర్‌ఫర్డ్‌ల కథ చెప్పాలా? అట్టపెట్టెలో ఏదో వస్తువు పెట్టి, టేపు వేసి, తెరవకుండా లోపలేముందో తేల్చమనాలా? థర్మోకోల్ ఉండలకు రంగులేసే పనిని నేను లెక్కలోకే తీసుకోను. అందులో పరీక్షించడానికేమీ ఉండదు.

కథ గొప్పదే. 1904 నాటి థామ్సన్ నమూనాను మనం పుచ్చకాయతో పోల్చి చెబుతాం: గుజ్జంతా ధనావేశం, గింజలు ఎలక్ట్రాన్లు. అదే నిజమైతే పల్చటి బంగారు రేకులోంచి ఆల్ఫా కణాలు (ధనావేశమున్న, చాలా వేగంగా పోయే కణాలు) ఏ కాస్తో వంగి దూసుకుపోవాలి. 1909లో రూథర్‌ఫర్డ్ దగ్గర పనిచేసే గైగర్, మార్స్‌డెన్ చేసిన ప్రయోగాల్లో చాలావరకు అలాగే పోయాయి, కానీ ఏ కొన్నో వెనక్కి తిరిగొచ్చాయి. 1911లో రూథర్‌ఫర్డ్ దీన్నిబట్టే పరమాణువు నడుమ చిన్న చోట ఆవేశం పోగై ఉందని, అంటే కేంద్రకం ఉందని అన్నాడు. చిక్కేమిటంటే, జవాబు ముందే తెలిసిన పిల్లలకు థామ్సన్ తప్పు చేసినవాడిలా కనిపిస్తాడు. మిగిలేది ‘లోపాలు వ్రాయుము’ అన్న ప్రశ్నొక్కటే. అది నాకు నిజంగా బాధ.

పెట్టె దగ్గర అలా జరగదు. ఒకసారి బూట్ల పెట్టెలో పెన్సిల్ సెల్ పెట్టి ఇచ్చాను. ఊపి చూసి ‘గోళీ’ అన్నారు. ‘గోళీ అయితే ఎటు వంచినా దొర్లాలి కదా’ అని వాళ్లలోనే ఒకమ్మాయి పట్టుకుంది. పొడవు వైపు వంచితే దొర్లింది, అడ్డంగా వంచితే జారింది. గోళీ పోయింది. సుద్దముక్కా, సెల్లా అని రెండు జట్లయ్యారు. రెండూ ఒకలాగే దొర్లుతాయి కాబట్టి వంచి చూడటంతో తేలదు. అయస్కాంతం తెచ్చి పెట్టె అడుగున కదిపారు, వస్తువు దాని వెంటే వచ్చింది. సుద్దముక్క కూడా పోయింది. ఇనుప బోల్టు కావచ్చుగా అన్న అనుమానం మాత్రం మిగిలింది.

‘ఇంతకీ ఏముంది సార్?’ అని ఎంత బతిమాలినా తెరవకండి. పరమాణువును తెరిచి చూసే వీలు రూథర్‌ఫర్డ్‌కూ లేదు.

పెట్టెకూ ఒక హద్దుంది. లోపలిది పిల్లలకు తెలిసిన వస్తువే. కేంద్రకాన్ని అంతకు ముందు ఎవరూ ఎరగరు. ఆ ఊహ ఎంత సాహసమో కథే చెప్పాలి. అందుకే రెండు పీరియడ్లు దొరికితే ముందు పెట్టె, మర్నాడు కథ. ఒక్కటే దొరికితే పెట్టెకే నా ఓటు. కథ చెప్పేటప్పుడు కూడా బంగారు రేకు దగ్గర ఆగి, ‘పుచ్చకాయే నిజమైతే కణాలు ఎటు పోవాలి?’ అని అడిగి, నోటుబుక్కులో గీతలు గీయించాకే ఫలితం చెప్పండి.