కర్రా, కత్తా, నాన్‌చాకా? ఇంట్లో ఏది ఉంచుకోవచ్చు

అమలాపురం దసరాలో చెడీ తాలింఖానా (కర్రసాము, కత్తిసాము ప్రదర్శన) చూసొచ్చిన దగ్గర్నుంచి మా అక్క కొడుకు ఒకటే గొడవ. "మావయ్యా, నేనూ సాము నేర్చుకుంటా, ఏదొకటి కొనిపెట్టు" అంటూ ఫోన్‌లో మూడు చూపించాడు: జపాన్ కత్తి, నాన్‌చాక్ (గొలుసుతో కలిపిన రెండు పొట్టి కర్రలు), వెదురు కర్ర. రేటు సంగతి తర్వాత, పోలీసుల టెన్షన్ లేనిదేదో ముందు తేలుద్దామన్నాను.

అసలు చిక్కు కత్తితోనే. ఆయుధాల నిబంధనల్లో కత్తులు, బాకులు, ఈటెలు పేరుపేరునా ఉన్నాయి. చాకులాంటివైతే బ్లేడు 9 అంగుళాలు దాటినా, 2 అంగుళాలకు మించి వెడల్పున్నా అదే జాబితాలోకి వస్తాయి. వాడు చూపించిందాని బ్లేడే రెండడుగులు! కేంద్రం నోటిఫై చేసిన ప్రాంతంలో అలాంటిది లైసెన్సు లేకుండా ఉంచుకుంటే ఏడాది నుంచి మూడేళ్ల దాకా జైలు. "గోడకు తగిలించుకోడానికేగా" అన్నాడు. చట్టం బొమ్మల్ని వదిలేసిన మాట నిజమే కానీ, ఆయుధంగా మార్చడానికి వీల్లేనివాటినే వదిలింది. సానపడితే తెగేది బొమ్మ ఎలా అవుతుంది?

మరి కొబ్బరి దింపు కత్తి? అది సేద్యం పనిముట్టు, లెక్క వేరు. సంక్రాంతి కోడికత్తి చిన్నదే, 9 అంగుళాల కొలతకు అందదు. దానిమీద కేసులు పందేల చట్టం, జంతుహింస చట్టం కింద పడతాయి.

నాన్‌చాక్ పేరు మన జాబితాలో లేదు. న్యూయార్క్‌లో మాత్రం 1974 నుంచి నిషేధం ఉండేది, 2018లో ఫెడరల్ కోర్టు కొట్టేసింది. నా బెంగ చట్టం గురించి కాదు, నేర్పేవాళ్లు లేకుండా తిప్పితే మొదటి దెబ్బ మనవాడి మోచేతికే.

కర్రకు ఏ పేచీ లేదు. 1959 ఆయుధాల చట్టం ఆయుధమంటే ఏమిటో చెబుతూనే ఇంటి పనికీ సేద్యానికీ మాత్రమే చేసినవాటిని మినహాయించింది. అక్కడ ఉదాహరణగా ఇచ్చినవి లాఠీ, మామూలు చేతికర్ర. ఎన్నికలప్పుడో గొడవలప్పుడో 144 సెక్షన్, ఇప్పుడు సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టంలో 163, పెడితే మాత్రం కర్రతో రోడ్డెక్కకూడదని కూడా ఉత్తర్వులో రాస్తుంటారు. పెరట్లో తిప్పుకోడానికి అదేం అడ్డం కాదు.

వెదురు కర్రే కొన్నాను. వాడు రెండ్రోజులు మొహం మాడ్చుకుని, మూడో రోజు కొబ్బరిచెట్ల మధ్య మొదలెట్టాడు. ఇప్పటికి అక్క పూలకుండీలు రెండు పోయాయి.