జోషీమఠ్‌లో గది తీసుకునే ముందు రాత్రి తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో అడగండి

యమునోత్రి నడక, బద్రీనాథ్ దర్శనం ఏ ఇబ్బందీ లేకుండా జరిగాయి. నేనిది రాయడానికి కారణం తిరుగు ప్రయాణంలో జోషీమఠ్‌లో రాత్రికి రూ. 2,800 తీసుకున్న ఒక లాడ్జి.

మాకు మూడో అంతస్తులో గది ఇచ్చారు. మంచం తలవైపు గోడలో నేల నుంచి పైకప్పు దాకా ఏటవాలుగా ఒక పగులు ఉంది; దానిమీద మెత్తిన సిమెంటు కూడా మళ్ళీ విచ్చుకుని, నా వేలిగోరు దూరేంత సందు కనిపించింది. 2023 జనవరిలో ఈ ఊరి నేల కుంగి ఎనిమిది వందలకు పైగా కట్టడాలు బీటలువారిన సంగతి తెలిసి కూడా మేనేజరు ‘ఇక్కడ గోడలన్నీ ఇంతే’ అని కొట్టిపారేశాడు. వెనుక మెట్ల నిండా ఖాళీ గ్యాస్ సిలిండర్లు, చిరిగిన పరుపులు పేర్చి ఉన్నాయి.

హరిద్వార్ తొలి బస్సు కోసం తెల్లవారుజామున నాలుగింటికి దిగివస్తే ముందు షట్టరుకు బయటి నుంచి తాళం వేసి ఉంది. తాళంచెవి పట్టుకుని పనివాడు ఇంటికి వెళ్ళిపోయాడు, ఎన్నిసార్లు చేసినా ఫోను ఎత్తలేదు. ఆయాసంతో మామయ్యగారు మెట్లమీదే కూలబడ్డారు. మా ఆవిడ ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. బస్సు తప్పిపోయి టాక్సీకి రూ. 7,500 పోశాం.

డబ్బు సంగతి అటుంచితే, 1991 అక్టోబరు 20న ఉత్తరకాశీలో ఏడు వందల మందికి పైగా ప్రాణాలు తీసిన భూకంపం తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలోనే వచ్చింది. 1999 మార్చిలో జోషీమఠ్ ఉన్న ఈ చమోలీ జిల్లాను కుదిపిన భూకంపం కూడా అర్ధరాత్రి దాటాకే వచ్చింది. మన దేశాన్ని మోస్తున్న భూమి పైపొరలోని పెద్ద రాతిపలక, అంటే భారత ఫలకం, ఉత్తరానికి నెట్టుకుపోతూ హిమాలయాల కింద ఒత్తిడిని ఏటా పెంచుతున్న చోట, నిద్రపోతున్న యాత్రికులను లోపల పెట్టి తాళం వేయడం నా దృష్టిలో నేరమే.

అంతకుముందు యమునోత్రి దారిలో బర్కోట్ దగ్గర మనిషికి రూ. 900 చొప్పున, రెండు పూటల భోజనంతో బస చేసిన పాత ఇంటి యజమాని మా సామాను దించకముందే తలుపు గడియ తీసి చూపించాడు, కొయ్యకు వేలాడుతున్న టార్చి చూపించాడు, నేల కదిలితే చేరవలసిన ఖాళీ పొలానికి మమ్మల్ని నడిపించాడు. ఐఐటీ రూర్కీ రూపొందించిన భూకంప హెచ్చరిక యాప్ అతని ఫోనులో ఉంది. అది ఇచ్చే వ్యవధి కొన్ని సెకన్లే గనుక దారి ముందే తెలిసి ఉండాలన్నాడు. దేవదారు దూలాలను రాళ్ళ వరుసల మధ్య పేర్చి కట్టే ఆ ప్రాంతపు పాత ఇళ్ళు కొన్ని 1803 నాటి గఢ్వాల్ భూకంపాన్ని కూడా తట్టుకున్నాయి.

కాబట్టి పై అంతస్తు నుంచి కొండలు బాగా కనిపిస్తాయని ఆశపడకండి; కింది గది అడగండి, వెనుక మెట్లు స్వయంగా దిగి చూడండి, ఆ తరువాతే డబ్బు కట్టండి. ఆ లాడ్జివారు మాకు ఒక్క రూపాయి కూడా తిరిగి ఇవ్వలేదు. గోడ పగులు, షట్టరు తాళం ఫోటోలు జతచేసి జిల్లా అధికారులకు ఫిర్యాదు పంపాను.