‘యులిసీస్’ ఈసారైనా పూర్తవ్వాలంటే ఏ ప్రతి కొనాలి?

జేమ్స్ జాయిస్ నవల ‘యులిసీస్’ పట్టుకున్నవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది మూడో అధ్యాయంలో. నవలలోని యువకుడు స్టీఫెన్ సముద్రపు ఒడ్డున ఒంటరిగా నడుస్తుంటాడు, జరిగేదంతా అతని బుర్రలోనే. మళ్లీ మొదలుపెట్టేవాళ్లకు మా ఓటు ఆక్స్‌ఫర్డ్ వరల్డ్స్ క్లాసిక్స్ పేపర్‌బ్యాక్‌కే. 1922 నాటి తొలి ముద్రణను ఉన్నదున్నట్టు దింపారు, 732 పేజీలు. వెనక జెరీ జాన్సన్ వివరణలున్నాయి. ఏ అధ్యాయం ఎన్ని గంటలకు, డబ్లిన్‌లో ఎక్కడ జరుగుతోందో అక్కడ దొరుకుతుంది. అసలు నవలలో అధ్యాయాలకు పేర్లే లేవు మరి.

అక్షరాలు చిన్నవి, కళ్లకు శ్రమే. అప్పట్లో ఫ్రాన్సులో ఇంగ్లీషు రానివాళ్లు అక్షరాలు కూర్చారు, ఆ అచ్చుతప్పులూ ఇందులోకి వచ్చేశాయి. గాబ్లర్ అనే పండితుడు సవరించిన ప్రతికి ఈ బాధ తక్కువ, పంక్తుల సంఖ్యలు కూడా వేశారు. కానీ వివరణల కోసం ఇంకో లావుపాటి పుస్తకం కొనాలి.

ముందు నాలుగు, ఐదు, ఆరు అధ్యాయాలు చదివి, తర్వాత మొదటి మూడింటికి రండి. నష్టమేమీ లేదు: నాలుగో అధ్యాయంలో గడియారం మళ్లీ మొదటి అధ్యాయం మొదలైన ఉదయం ఎనిమిదికే వెళ్తుంది. నవల నాయకుడు బ్లూమ్ తన భార్య మోలీకి టిఫిను సర్దుతూ, తనకు పంది కిడ్నీ వేయించుకుంటూ కనిపిస్తాడు. అతని ఆలోచనలు తెగిన ముక్కల్లా వస్తాయి, అయినా పట్టు చిక్కుతుంది. ఆ అలవాటుతో స్టీఫెన్ దగ్గరికి వెళ్తే అంత బెదురుండదు.

చదవడం ఆగిపోవడానికి రెండో కారణం వివరణలే. పంక్తి పంక్తికీ వెనక్కి తిప్పితే కథ చేజారిపోతుంది. అధ్యాయం అయ్యాకే చూడండి. పదకొండో అధ్యాయం మొదట్లోని రెండు పేజీల తునకలు అర్థం కావు, కానక్కర్లేదు కూడా. అవన్నీ తర్వాత అదే అధ్యాయంలో వచ్చే మాటలే. పన్నెండోది హాయిగా నవ్విస్తుంది. పద్నాలుగోది అసలైన కొరకరాని కొయ్య: ప్రసూతి ఆసుపత్రిలో కబుర్లు, ఇంగ్లీషు వచనం శతాబ్దాలుగా మారిన తీరులన్నిటినీ అనుకరిస్తూ సాగుతాయి. నిఘంటువు మూసేసి, ఐర్లండ్ రేడియో ఆర్‌టీఈ 1982లో చేసిన పూర్తి శ్రవణ రూపం వింటూ పేజీలు తిప్పండి. పదిహేనోది నాటక రూపంలో 150 పేజీల పైమాటే, దానికి వారం కేటాయించండి.

మిగతావాటికి రోజుకు పదిహేను పేజీలు చాలు. చివరి అధ్యాయంలో మోలీ ఆలోచనలు ఎనిమిదే వాక్యాలు, విరామ చిహ్నాలు దాదాపు ఉండవు. కామా ఎక్కడ పడాలో కంటికి తెలియకపోతే గొంతెత్తి చదవండి, నోటికి తెలుస్తుంది.