సైకిల్ దిగి రైలెక్కే చోటు

నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ స్టేషన్ కింద ఉన్న సైకిల్ స్టాండులోకి మొదటిసారి వెళ్లినప్పుడు, వాలు మొదలయ్యే దగ్గర దిగి నడిపించుకుంటూ వెళ్లాలేమో అని ఆగిపోయాను. వెనక వస్తున్నావిడ గంట కొట్టి, తొక్కుకుంటూనే వెళ్లమని చేత్తో సైగ చేసింది. నిజంగానే అక్కడ దిగక్కర్లేదు. రోడ్డు మీది సైకిల్ దారి అలాగే లోపలికి సాగిపోతుంది. మూడు అంతస్తులు, 12,500 సైకిళ్లకు చోటు. 2019లో పూర్తిగా తెరిచారు. ఏ వరసలో ఖాళీ ఉందో బోర్డులు చూపిస్తుంటాయి. పై అరను కిందికి లాగి, ముందు చక్రాన్ని పట్టాలో నిలబెట్టి, వెనక నుంచి పైకి తోయాలి. అద్దెకు తీసుకున్న డచ్ సైకిల్ బాగా బరువు, రెండుసార్లు తోసినా అర కదల్లేదు. పక్కన తాళం వేసుకుంటున్న పెద్దాయన ఒక్క మాటా మాట్లాడకుండా వచ్చి ఓ చెయ్యి వేశాడు. మెట్లెక్కితే స్టేషన్ హాలు. తాళం వేసిన ఏడు నిమిషాలకల్లా రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఉన్నాను. మొదటి 24 గంటలు స్టాండుకు డబ్బు కట్టే పని కూడా లేదు.

అప్పటి నుంచి ఏ ఊరు వెళ్లినా నేను ముందు చూసేది ఇదే. సైకిల్ దారులు ఎన్ని కిలోమీటర్లున్నాయి, మెట్రో ఎంత కొత్తది అన్న లెక్కలు తర్వాత. సైకిల్ దిగి రైలో బస్సో ఎక్కే ఆ వంద అడుగులు ఎలా ఉన్నాయి? అక్కడ ఇబ్బంది పడితే మిగతావన్నీ ఎంత బాగున్నా మనం మళ్లీ కారు వైపే చూస్తాం.

నెదర్లాండ్స్‌లో సైకిల్‌ని రైల్లోకి ఎక్కించాలంటే మాత్రం ముందే చూసుకోవాలి. పనిరోజుల్లో ఉదయం 6:30 నుంచి 9 దాకా, సాయంత్రం 4 నుంచి 6:30 దాకా మామూలు సైకిల్‌ని రానివ్వరు. మడత సైకిల్‌కి ఆ అడ్డు లేదు, టికెట్టూ లేదు. నాకది తెలియక ఓ సాయంత్రం ప్లాట్‌ఫాం మీద రెండు గంటలు కూర్చున్నాను. స్టాండులో పెట్టిపోవడం, అటు దిగాక ఇంకో సైకిల్ తీసుకోవడం అక్కడివాళ్ల పద్ధతి. స్టేషన్లలో నీలం, పసుపు రంగుల అద్దె సైకిళ్లు ఉండేది అందుకే. కానీ అక్కడి ప్రయాణ కార్డు లేని బయటివాళ్లకు అవి అంత తేలిగ్గా దొరకవు. విడిగా అద్దె దుకాణం వెతుక్కోవాల్సిందే. బస్సు, ట్రాము, రైలు దేనికైనా బ్యాంకు కార్డు తాకిస్తే సరిపోవడం మాత్రం పెద్ద ఊరట.

ఊళ్ల మధ్య తొక్కడానికి అంత హాయైన దేశం నేను ఇంకోటి చూడలేదు. దారులు కలిసే ప్రతి చోటా ఒక నెంబరు ఉంటుంది. పొద్దున్నే ఆ రోజు దారిలో వచ్చే నెంబర్లన్నీ చీటీ మీద వరసగా రాసుకుని హ్యాండిల్‌కి అతికించుకునేదాన్ని. ఫోను జేబులోంచి తీయాల్సిన పనే పడలేదు. నేల పళ్లెంలా ఉంటుంది కదా, కష్టమేముంటుంది అనుకుంటాం. ఎదురుగాలి లేస్తే మాత్రం 20 కిలోమీటర్లు 40 అయినట్టే.

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్ లెక్క వేరు. ఊరినీ శివార్లనీ కలిపే ఎస్-రైళ్లలో 2010 నుంచి సైకిల్‌కి టికెట్ లేదు. సైకిల్ బొమ్మ ఉన్న బోగీ ఆగే చోటు చూసుకుని ఎక్కడమే. మడిచిన సీట్ల ముందు సైకిళ్లు ఆనించి, పక్కనే జనం నిలబడతారు. తర్వాతి స్టేషన్లో దిగాల్సినవాళ్లు ముందే కళ్లతో చెప్పుకుంటారు, సైకిళ్లు అటూ ఇటూ జరుగుతాయి, తలుపు తెరుచుకునేసరికి దారి ఏర్పడి ఉంటుంది. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. మెట్రోలో మాత్రం సైకిల్‌కి టికెట్ కావాలి, రద్దీ వేళల్లో ఎక్కనివ్వరు. ఒకే ఊళ్లో రెండు రకాల నియమాలు ఉండటంతో మొదటి రోజు తికమకపడ్డాను.

రోడ్డు మీద మర్యాదలు నేర్చుకోవడానికి ఇంకో రోజు పట్టింది. ఆగేముందు చెయ్యి పైకెత్తాలి. ఎడమకు తిరగాలంటే కూడలి మధ్యలోకి పోకూడదు, తిన్నగా అవతలి మూలకు వెళ్లి ఆగి, అటు సిగ్నల్ పడ్డాక కదలాలి. నేను చెయ్యెత్తకుండా ఆగితే వెనకాయన తృటిలో తప్పించుకున్నాడు. గట్టిగానే కోప్పడ్డాడు, న్యాయమే. రేవు దగ్గర 2014లో కట్టిన నారింజ రంగు సైకిల్ వంతెన మీద సాయంత్రంపూట ఊరికే రెండుసార్లు తిరిగాను. నీళ్ల పైన మెలికలు తిరుగుతూ పోతుంది, కింద నడిచేవాళ్లు, పైన మనం.

బస సంగతి బాధగానే చెప్పాలి. "సైకిళ్లకు చోటు ఉంది" అని హాస్టల్ వాళ్లు రాస్తే నమ్మాను. తీరా చూస్తే అది పైకప్పు లేని పెరడు, సైకిల్ కట్టెయ్యడానికి ఓ కమ్మీ కూడా లేదు. రెండో రోజు పొద్దున చూస్తే సైకిల్‌కి సీటు లేదు. రిసెప్షన్లో అడిగితే మా బాధ్యత కాదన్నారు. అందుకే ఇప్పుడు బుక్ చేసేముందే అడుగుతున్నాను: పైకప్పు ఉందా, తలుపుకి తాళం ఉందా, ఫొటో పంపుతారా?

లండన్ గురించి ఎక్కువ చెప్పను. బస్సులు గొప్పగా ఉన్నాయి. కార్డు తాకించాక గంటలోపు ఎన్ని బస్సులు మారినా ఒకటే ఛార్జీ. థేమ్స్ పక్కన విడిగా కట్టిన సైకిల్ దారి చాలా బాగుంది, కానీ అక్కడి నుంచి పక్క వీధుల్లోకి తిరిగితే లారీల మధ్య పడ్డాను. భూమి లోతుల్లో నడిచే ట్యూబ్ లైన్లలోకి మామూలు సైకిల్‌ని రానివ్వరు. అక్కడ అంతమంది మడత సైకిళ్లు ఎందుకు మోస్తారో అప్పుడు అర్థమైంది.

లక్సెంబర్గ్‌లో 2020 నుంచి బస్సు, ట్రాము, రైలు అన్నీ ఉచితం, రైల్లో మొదటి తరగతి తప్ప. టికెట్ కొనలేదేమో అన్న టెన్షన్ పోవడానికి నాకు అర రోజు పట్టింది. ఊరేమో లోయలో సగం, గుట్ట మీద సగం. ఫాఫెన్‌తాల్ లోయ నుంచి పై ఊరికి సుమారు 70 మీటర్ల ఎత్తున అద్దాల లిఫ్టు ఉంది, అదీ ఉచితమే. సైకిల్‌తో సహా అందులో నిలబడి కింది ఇళ్ల కప్పులు చిన్నవైపోతుంటే చూశాను. ఆ ఎత్తు తొక్కి ఎక్కాలంటే చాలామంది సైకిల్ ముట్టుకోరు.

యాప్‌లతో అద్దెకు తీసుకునే సైకిళ్ల గురించి ఒక జాగ్రత్త. ఒకచోట స్టాండులో పెట్టి తాళం వేసినా యాప్‌లో మాత్రం ప్రయాణం ముగియలేదు, మూడు గంటల డబ్బు పడింది. తాళం వేసిన సైకిల్‌ని నెంబరు కనబడేలా ఫొటో తీసి ఉన్నాను కాబట్టి వారం తర్వాత ఆ డబ్బు తిరిగి వచ్చింది. ఫొటో తీయకుండా కదలకండి.

జపాన్‌లో సైకిల్‌ని రైల్లోకి అలాగే తీసుకెళ్లనివ్వరు. చక్రాలు విప్పి, ఫ్రేముకి కట్టి, సంచిలో పెట్టాలి. దాన్ని రింకో అంటారు. సైకిల్ మొత్తం సంచిలో ఉండాలి. నా సంచి నుంచి సీటు బయటికి కనిపిస్తుంటే గేటు దగ్గర ఉద్యోగి తల వంచి నమస్కరించి మరీ ఆపాడు. పక్కకి వెళ్లి సీటు దించి, మళ్లీ కట్టి వచ్చేదాకా ఆయన అక్కడే నిలబడ్డాడు. సంచిలో పెడితే డబ్బు అడగరు, కానీ 12 కిలోలు భుజాన వేసుకుని మెట్లెక్కాలి. స్టేషన్ల దగ్గర ఎక్కడపడితే అక్కడ వదిలేస్తే మున్సిపాలిటీ వాళ్లు ఎత్తుకుపోతారు కాబట్టి డబ్బు కట్టే స్టాండులోనే పెట్టండి.

ఇంత మోసింది షిమనామి కైడో అనే దారిలో తొక్కడం కోసం. ఒనోమిచి నుంచి ఇమబరి దాకా, దీవి నుంచి దీవికి వంతెనల మీదుగా సుమారు 70 కిలోమీటర్లు. 1999లో తెరిచారు. మొదటి దీవికి చిన్న పడవలో నిమిషాల్లో దాటాలి. అక్కడి నుంచి రోడ్డు అంచున నీలం గీత, దాని మీద ఇమబరి ఇంకా ఎన్ని కిలోమీటర్లో. దారి తప్పడం కష్టం. వంతెనలు చాలా ఎత్తున ఉన్నా, వాటి మీదికి ఎక్కే దారుల్ని మెలికలుగా, నెమ్మదైన వాలుతో వేశారు. పదేళ్ల పిల్లలు కూడా దిగకుండా తొక్కుతున్నారు. ఇన్నోషిమా వంతెన మీద కార్లు మన నెత్తిన పోతుంటాయి, మనం వాటి కింద జాలీ మధ్య తొక్కుతాం. తతారా వంతెన స్తంభం కింద ఆగి చప్పట్లు కొడితే ఆ చప్పుడు పైకి ఎగబాకుతూ మళ్లీ మళ్లీ మోగుతుంది. నేను నాలుగుసార్లు కొట్టాను. సొంత సైకిల్ లేనివాళ్లు ఒక దీవిలో అద్దెకు తీసుకుని ఇంకో దీవిలో అప్పగించి, బస్సెక్కి వెళ్లిపోవచ్చు.

రాత్రి ఇకుచి దీవిలో ఓ చిన్న సత్రంలో దిగాను. నేను అడగకముందే ఆ ఇంటామె గుమ్మం లోపల పాత పేపర్లు పరిచి, సైకిల్ అక్కడ పెట్టమంది. వాన మొదలైంది. రాత్రంతా నా సైకిల్ చెప్పుల పక్కన పొడిగా ఉంది.

మర్నాడు చివరి వంతెన, కురుషిమా, నాలుగు కిలోమీటర్లు. కింద పోటు నీళ్లు సుడులు తిరుగుతుంటే రెండుచోట్ల ఆగి చూశాను. ఇమబరి స్టేషన్ ముందు చక్రాలు విప్పడం మొదలుపెట్టాను. మొదటిసారి 40 నిమిషాలు పట్టిన పని పావుగంటలో అయిపోయింది. సీటు లోపలికి దించానో లేదో ఇంకోసారి తడిమి చూసుకుని గేటు వైపు నడిచాను.