పునాది పోసే ముందు మీ ఫోనులో ఉన్న ప్లాన్, మేస్త్రీ చేతిలో ఉన్న ప్లాన్ ఒకటేనా చూసుకోండి

ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళు దయచేసి ఇది చివరిదాకా చదవండి. మొన్న ఆదివారం జరిగింది. కోపం ఇంకా తగ్గలేదు, రాతలో తప్పులుంటే మన్నించండి.

గుంటూరు శివారులో 200 గజాల స్థలంలో ఇల్లు మొదలుపెట్టాను. ప్లాన్, స్ట్రక్చర్ డ్రాయింగులు అన్నీ కలిపి 35 వేలకు ఆన్‌లైన్‌లో ఒక ఆఫీసుకు అప్పగించాను. అలాంటి ప్రకటనలు మీ ఫోనులోనూ రోజూ కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి ఎక్కువ చెప్పను. ‘కాగితాల పని లేదు సార్, డ్రాయింగులన్నీ నేరుగా మీ సైట్ వాళ్ళ ఫోన్లకే పంపిస్తాం’ అన్నారు. ఆ మాట నచ్చే డబ్బు కట్టాను. వాట్సాప్‌లో గ్రూపు పెట్టారు. అందులో నేను, మా ఆవిడ, మేస్త్రీ, స్టీలు పని అతను, ఆఫీసు మనుషులు ముగ్గురు.

మొదటి డ్రాయింగ్ పీడీఎఫ్‌గా వచ్చింది. జిరాక్సు షాపులో ఏ3 కాగితం మీద తీయించి మేస్త్రీకి ఇచ్చాను. ఆ తర్వాత మట్టి పరీక్ష రిపోర్టు వస్తే అదీ వాళ్ళకు పంపాను. మాది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. అందుకని ఫుటింగులను, అంటే స్తంభాల కింద పోసే కాంక్రీటు దిమ్మెలను, నాలుగు అడుగుల చదరం నుంచి అయిదు అడుగుల చదరానికి పెంచారు. మార్చడం మంచిదే, అందులో తప్పు పట్టను. ఆ సంగతి మాకు చెప్పిన తీరు చూడండి.

రాత్రి తొమ్మిదిన్నరకు గ్రూపులో ఒక ఫోటో పెట్టారు. పీడీఎఫ్ కాదు. కంప్యూటర్ తెరను ఫోనుతో తీసిన ఫోటో. పెద్దది చేసి చూస్తే అంకెలు అలికేసినట్టు ఉన్నాయి. కింద ‘అప్‌డేటెడ్’ అని ఒక్క మాట. ఏది మారింది, పాతది రద్దయిందా, ఏమీ లేదు. దానికి ముందూ వెనకా మా ఆవిడ పెట్టిన టైల్స్ ఫోటోలు. నేను బంధువుల పెళ్ళిలో ఉన్నాను. చూశాననడానికి బొటనవేలు గుర్తు పెట్టి ఫోను జేబులో వేసుకున్నాను. పెళ్ళి నుంచి వచ్చాకైనా తెరిచి చూడవలసింది. చూడలేదు. అది నా తప్పే.

మేస్త్రీ తన దగ్గరున్న కాగితం ప్రకారం ముగ్గు వేశాడు. పన్నెండు గుంటలు తవ్వారు. శనివారం మిక్సర్ తెప్పించి ఎనిమిది ఫుటింగులు పోశారు. ఆదివారం మా బావమరిది వచ్చాడు. హైదరాబాద్‌లో సైట్ ఇంజినీరు. గ్రూపులోని ఆ ఫోటోను చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. ఏమీ మాట్లాడకుండా టేపు తీసుకుని గుంటలోకి దిగాడు. ‘బావా, డ్రాయింగ్‌లో అయిదు అడుగులు ఉన్నట్టుంది, ఇక్కడ నాలుగే ఉంది’ అన్నాడు. నాలుగు అడుగుల చదరం అంటే 16 చదరపు అడుగులు. అయిదు అడుగులైతే 25. ఇంటి బరువంతా మూడింట రెండు వంతులైనా లేని జాగా మీద పడుతుంది, అదీ నల్లరేగడిలో. అలాగే వదిలేద్దామని ఎవరైనా ఎలా అనగలరు?

అక్కడే నిలబడి ఆఫీసుకు ఫోను చేశాను. స్పీకర్ పెట్టాను, మేస్త్రీ పక్కనే ఉన్నాడు. అటువైపు మనిషి గొంతులో కంగారు లేదు. ‘సార్, మేం పంపాం, మీరు బొటనవేలు పెట్టారు. అంటే ఒప్పుకున్నట్టే కదా’ అన్నాడు. నేను మాట్లాడుతుండగానే నా బొటనవేలు కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి పంపాడు. చదువు రానివాళ్ళ చేత వేలిముద్రలు వేయించుకుని పొలాలు రాయించుకునేవారని మా తాతగారు చెబుతుండేవారు. చదువుకున్న నాకూ అదే జరిగింది.

అంతటితో ఆపినా బాగుండేది. ‘మీ మేస్త్రీకి డ్రాయింగ్ చదవడం రాకపోతే మా తప్పా?’ అన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా ఇళ్ళు కడుతున్న మనిషి ఆ మాట విన్నాడు. బదులు చెప్పలేదు. రేకుల షెడ్డులోకి వెళ్ళి, సిమెంటు బస్తాల పక్కన దాచిన కాగితం తెచ్చి, తువ్వాలుతో దుమ్ము తుడిచి నా ముందు పరిచాడు. ‘ఇదే కదండీ మీరు ఇచ్చింది?’ అన్నాడు. అవును, నేను ఇచ్చిందే. దాంట్లో ఉన్నది ఉన్నట్టు కట్టాడు. ఆయన ముఖంలోకి చూడలేకపోయాను.

తర్వాత గట్టిగా అడిగితే కొత్త పీడీఎఫ్ పంపారు. పాత ఫైలు పేరూ ‘ఫైనల్’, కొత్త దాని పేరూ ‘ఫైనల్’. డ్రాయింగ్ మీద కుడివైపు కింద గడిలో ఎన్నో సవరణ, ఏ తేదీ, ఏమి మార్చారు అన్నవి రాయాలట. మారిన చోట చుట్టూ మేఘంలా గీత గీయాలట. బావమరిది చూపిస్తేనే నాకు తెలిసింది. మా డ్రాయింగులు రెండింటిలోనూ ఆ గడి ఖాళీ. దానికే 35 వేలు కట్టాను.

ఎనిమిది ఫుటింగులూ పగలగొట్టాలి. సిమెంటు, కంకర, కూలి పోయినట్టే. ఫుటింగుల అడుగున వలలా కట్టి పరిచిన జాలీ స్టీలు తుక్కు కిందే లెక్క. బ్రేకర్ మిషన్ అద్దె కూడా కలిపితే లక్ష రూపాయలకు తక్కువ కాదు. ఆఫీసు వాళ్ళు ఆదివారం నుంచి ఫోను ఎత్తడం లేదు.

ఈ వారం పునాదులు పోస్తున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఒక్క పూట ఆగండి. డ్రాయింగును ఫోటోగా పంపితే తీసుకోకండి, వాట్సాప్ ఫోటోల నాణ్యత తగ్గించేస్తుంది. డాక్యుమెంటుగానే పంపమనండి, ఫైలు పేరులో తేదీ ఉండాలని పట్టుబట్టండి. కొత్తది రాగానే ప్రింటు తీసి మేస్త్రీ చేతికి మీరే ఇచ్చి, పాత కాగితం వెనక్కి తీసుకోండి. కాంక్రీటు పోసే రోజు పొద్దున ఇంజినీరుకు ఫోను చేసి, కొలతలు పైకి చదివి వినిపించి అవునో కాదో అడగండి. గ్రూపులో బొటనవేలు మాత్రం పెట్టకండి.