ఇంటి సౌరవిద్యుత్తుకు లిథియం బ్యాటరీ: పనితీరు మేలు, తిరిగి తీసుకునే ఏర్పాటే కొరత

కర్నూలులోని మా ఇంటి సోలార్ ప్యానెళ్లకు పాత ట్యూబులర్ రకం సీసపు బ్యాటరీలు తీసివేసి, 51.2 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని పెట్టించుకున్నాము. సుమారు 5 యూనిట్లు నిల్వచేసే ఈ పెట్టె పనితీరులో ఎంచదగిన లోపం లేదు. డిస్టిల్డ్ వాటర్ పోసే పని తప్పింది; వేసవి రాత్రి కరెంటు పోయినా రెండు ఫ్యాన్లు, ఫ్రిజ్ తెల్లవారేదాకా నడుస్తున్నాయి.

ఈ రకం సెల్‌లో కోబాల్టు, నికెల్ ఉండవు. కాంగోలోని చిన్న గనుల్లో పిల్లల చేత కూడా కోబాల్టు తవ్విస్తున్నారని తెలిసినవారికి ఇది పెద్ద ఊరట. అయితే రీసైక్లింగ్ దగ్గర ఆ మంచి గుణమే అడ్డు తిరుగుతుంది: ఖరీదైన ఆ లోహాలు లేనందువల్ల, విడదీస్తే చేతికొచ్చే లిథియం, రాగి, అల్యూమినియం విలువ ఆ పని ఖర్చుకు చాలీచాలనట్టుగా ఉంటుంది. సీసపు బ్యాటరీనైతే తూకం వేసి కొనేవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు, దాని సీసాన్ని ఎన్నిసార్లయినా కరిగించి వాడుకోవచ్చు. కానీ అనుమతి లేని బట్టీల్లో కరిగించినప్పుడు ఆ పొగ, ధూళి చుట్టుపక్కల పిల్లల రక్తంలోకి చేరి మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తాయి. కనుక పాత బ్యాటరీకి ధర పలికినంత మాత్రాన అది పర్యావరణానికి మేలుచేస్తుందని నేను ఒప్పుకోలేను.

2022 ఆగస్టులో కేంద్రం తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు, వాడేసిన బ్యాటరీలను సేకరించి రీసైక్లింగుకు పంపే బాధ్యతను ఉత్పత్తిదారుల మీదే పెట్టాయి. వాటిని పూడ్చిపెట్టడాన్ని, కాల్చివేయడాన్ని నిషేధించాయి. మా బ్యాటరీ మీద చెత్తలో పారేయవద్దని చెప్పే, కొట్టివేసిన చెత్తబుట్ట గుర్తు ఉంది గానీ, ఆయుష్షు తీరాక దీన్ని ఎవరికి అప్పగించాలని అడిగితే డీలర్ జవాబు చెప్పలేకపోయారు, వారంటీ పత్రంలోనూ ఆ ప్రస్తావన లేదు. ఇంత మంచి వస్తువుకు ఇది క్షమించదగిన కొరత కాదు.

మూతను స్క్రూలతో బిగించారు, సెల్‌ల చార్జింగును, వాడకాన్ని అదుపులో ఉంచే బీఎంఎస్ బోర్డును విడిగా మార్చవచ్చు. లోపలి 16 సెల్‌లను మాత్రం వాటిని కలిపే లోహపు పట్టీలకు (బస్‌బార్లకు) వెల్డింగ్ చేసినందువల్ల ఒక్కటి చెడినా దాన్నొక్కదాన్నే తీసి మార్చడం కష్టం, చివరికి విడదీసేవారికీ అదే ఇబ్బంది. నట్లతో బిగించిన రకం దొరికితే కొంత ధర ఎక్కువైనా దానినే ఎంచుకోమంటాను. పాత బ్యాటరీని తిరిగి తీసుకుంటామన్న మాటను డబ్బు కట్టే ముందే బిల్లు మీద రాయించుకోవాలి. కరెంటు అరుదుగా పోయే చోట, నెట్ మీటరింగ్ (మిగిలిన సౌరవిద్యుత్తును గ్రిడ్‌కు ఇచ్చి బిల్లులో తగ్గించుకునే ఏర్పాటు) ఉన్నవారికి అసలు బ్యాటరీ అవసరమే ఉండదు.